భోజనాల వేళ ప్రశ్న

హనుమంతవాక స్టేషన్లో రైలు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి, జనం దిగారు, ఎక్కారు, తలుపులు మూసుకున్నాయి. రైలు మాత్రం కదల్లేదు.

మొదటి నిమిషం ఎవరూ పట్టించుకోలేదు. రెండో నిమిషంలో గడియారాలు చూసుకున్నారు. మూడో నిమిషానికి ఒక పెద్దమనిషి ముందు పెట్టెకి వెళ్ళి, పైలట్ గది అద్దంలోంచి తొంగిచూసి, "లోపల పిట్ట కూడా లేదండీ!" అని అందరికీ వినపడేలా చెప్పాడు.

విశాఖపట్నంలో ఆ కాలానికి రైళ్ళు వాటంతటవే నడుస్తున్నాయి. కొమ్మాది నుంచి గాజువాక దాకా, వంతెనల మీద, ఎవరూ చెయ్యి వెయ్యకుండానే పోతాయి, ఆగుతాయి. కానీ చట్టం ఒకటుంది. ముందు గదిలో ఒక మనిషి కూర్చుని ఉండాలి. సీటు మీద మనిషి బరువు పడకపోతే రైలు అంగుళం జరగదు. అంత తెలివైన రైలుకి కాపలా ఎందుకని అడక్కండి. మనవాళ్ళకి యంత్రం మీద నమ్మకం ఉంది గానీ, తేడా వస్తే తిట్టడానికి ఒక మనిషి కూడా కావాలి.

ఆ మనిషి పేరు జోషిత. వయసు నలభై. ఆ సమయానికి ఆమె ప్లాట్‌ఫారం చివర, అరవై గజాల అవతల, టాయిలెట్‌లో పళ్ళు బిగబట్టి, రెండు చేతులతో కడుపు పట్టుకుని కూర్చుని ఉంది. తెల్లవారి లేచిన దగ్గర్నుంచి అది ఏడోసారి. ఏడుసార్లూ రక్తం పడింది.

నడుముకి కట్టుకున్న బిళ్ళ చిన్నగా మోగింది. అందులోంచి తేనె పూసిన గొంతొకటి పలికింది. "జోషిత గారూ, మీ ఉదరం ప్రశాంతంగా ఉంది. శుభదినం!"

బిళ్ళ మీద పచ్చదీపం వెలిగింది.

జోషిత నోటికొచ్చిన తిట్టు తిట్టింది. ఆ తిట్టు ఇక్కడ రాయడం బాగోదు. బిళ్ళ ఊడబీకి అక్కడే నీళ్ళు పోసేద్దామన్నంత కోపం వచ్చింది. కానీ అది పోతే ఆస్పత్రిలో ఆమె తరఫున నోరు విప్పే దిక్కే లేదు. ఆమె సొంత నోటికి అక్కడ విలువ పోయి చాలా రోజులైంది.

* * *

ఆ బిళ్ళ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

జోషితకున్న జబ్బు అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగు లోపలి పొర వాచి, పుళ్ళు పడి, రక్తం కారే జబ్బు. అంటుకునేది కాదు, పూర్తిగా వదిలేదీ కాదు. మందులకి అణుగుతుంది, నెలలపాటు పడుకుంటుంది, మళ్ళీ ఎప్పుడో పడగ విప్పుతుంది. లేచినప్పుడల్లా మందు ఒక మెట్టు పెంచాలి. మొదటి మెట్టు మామూలు మాత్రలు. రెండోది స్టెరాయిడ్. మూడోది ఇంజెక్షన్. మూడో మెట్టు ఎక్కవలసిన వేళకి ఎక్కకపోతే, ఆఖరికి పెద్దపేగుని కోసి తీసెయ్యడమే మిగులుతుంది. జోషిత రెండో మెట్టు మీద నిలబడి, మూడోదాని కోసం మూడు నెలలుగా తలుపు కొడుతోంది.

తలుపుకి తాళం ఉదరవాణి. రోగి ఒక గింజ మింగుతాడు, మినపగింజంత ఉంటుంది. అది పోయి పెద్దపేగు గోడకి సన్నటి కొక్కేలతో పట్టుకుని ఏడాదిపాటు అక్కడే కాపురం పెడుతుంది. పేగు వేడి, కదలిక, రక్తం జాడ, వాచిన పేగు విడిచే ప్రోటీన్లు అన్నిటినీ కొలిచి నడుం మీద బిళ్ళకి పంపుతుంది. బిళ్ళ వాటిని కలిపి లెక్కకట్టి, పచ్చ, పసుపు, ఎరుపు దీపాల్లో ఒకటి వెలిగిస్తుంది. అదే దీపం డాక్టర్ తెర మీదా వెలుగుతుంది. ఎర్రదీపం వెలిగితే స్కోప్, అంటే గొట్టంతో పేగు లోపల చూడడం, ఆ తరవాత ఇంజెక్షన్. వెలగకపోతే డాక్టరు దేవుడైనా సరే, సంతకం పెట్టినా కంప్యూటర్ తీసుకోదు.

ఇంత కట్టడి ఎందుకొచ్చిందంటే, మనుషులు నిజం చెప్పరని. వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా దాచకూడదని మన పెద్దలు అననే అన్నారు. అన్నవాళ్ళే దాచారు. అందుకని ఇక మనిషిని అడగడం దేనికి, నేరుగా పేగునే అడుగుదామని ఇంజనీర్లు బయల్దేరారు.

* * *

డాక్టర్ ప్రణీత్ చెడ్డవాడు కాదు. ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఆ గదిలోంచి బయటికొచ్చిన ప్రతిసారీ జోషిత ఆయన్ని కాకులకి, గద్దలకి పంచిపెట్టేది. ఏభై ఎనిమిదేళ్ళ మనిషి, మెత్తగా మాట్లాడతాడు, నమస్కారానికి లేచి నిలబడి ప్రతినమస్కారం చేస్తాడు. ఆ పైన తెర వైపు తిరుగుతాడు. ఇక మనిషి వైపు తిరగడు.

"ఎనభై రెండు రోజులుగా పచ్చదీపం అమ్మా. చాలా సంతోషం," అన్నాడు.

"సంతోషం ఎవరికండీ?" అంది జోషిత. "రోజుకి పది పదకొండుసార్లు వెళ్తున్నాను. రక్తం పడుతోంది. నిన్న రైలాపి పరిగెత్తాను. వారంలో మూడోసారి. పదిహేను రోజులది రాసి తెచ్చాను, చూడండి."

ఆమె ఇచ్చిన కాగితాన్ని ఆయన గౌరవంగా అందుకున్నాడు. తారీఖులు, వేళలు, ఎన్నిసార్లు, రక్తం ఎంత, అన్నీ గళ్ళు గీసి ఉన్నాయి. పై నుంచి కిందికి ఒకసారి చూసి బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా పేపర్‌వెయిట్ పెట్టాడు.

"మీరు అబద్ధం చెబుతున్నారని అనను. కానీ గింజ పేగు లోపలే ఉంది కదమ్మా. దానికి తెలియందేముంటుంది? లోపల వాపు మీ మామూలు స్థాయిలోనే ఉందంటోంది. ఇది ఉద్యోగపు ఒత్తిడి. కొంతకాలం కుర్చీలో కూర్చునే పని అడగండి."

"నేను చేసేదే కుర్చీలో కూర్చునే పనండి! లేస్తే రైలాగిపోతుంది!"

డాక్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీకొకటి చెబుతాను. ఈ యంత్రాలు రాకముందు నాకొక పేషెంట్ ఉండేవాడు. స్కూల్ మాస్టారు. రెండేళ్ళు వచ్చాడు. ఎప్పుడు అడిగినా 'మీ దయ వల్ల బాగానే ఉందండీ' అనేవాడు. నేను నమ్మి అవే మాత్రలు రాసేవాణ్ణి. ఒకరోజు స్ట్రెచర్ మీద తెచ్చారు. పేగు చిరిగిపోయింది. వాళ్ళావిడ అప్పుడు చెప్పింది, ఏడాదిగా రాత్రిళ్ళు నిద్రే లేదని. ఆ రోజునుంచీ నేను మనుషుల నోళ్ళని నమ్మడం మానేశాను."

"ఆయన బాధ ఉన్నా లేదన్నాడు. నేను ఉందనే చెబుతున్నాను కదండీ. రెండూ ఒకటేనా?"

"ఎర్రదీపం లేకుండా స్కోప్‌కే అనుమతి రాదు. నేనేం చెయ్యను? యంత్రం మీద అనుమానముంటే తయారుచేసిన కంపెనీకి ఫిర్యాదు రాయండి."

చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటే ఏమిటో జోషితకి ఆ రోజు బాగా తెలిసొచ్చింది. లేచి నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, అవి దుఃఖానివి కావు.

"ముప్ఫై ఏళ్ళు చదువుకున్నారు మీరు," అంది. "నా పేగు మాట్లాడితే వింటారు. దాన్ని మోసే మనిషి మాట్లాడితే వినపడదు. పేగుకేం తెలుసండీ, మూడొందలమందిని వదిలేసి పరిగెత్తడం ఎలా ఉంటుందో!"

డాక్టర్ మళ్ళీ లేచి నిలబడి నమస్కారం చేశాడు. అది చూస్తే ఆమెకి ఇంకా మండింది.

* * *

ఫిర్యాదు రాసింది. యంత్రం సక్రమంగా పనిచేస్తున్నదని జవాబొచ్చింది. రెండోది రాసింది. అదే జవాబు, ఈసారి శుభాకాంక్షలతో వచ్చింది. మూడో ఫిర్యాదు తెలుగులో, మర్యాద వదిలేసి రాసింది. పదో రోజున కంపెనీ నుంచి ఒక మనిషే దిగింది.

మద్దిలపాలెం స్టేషన్ మీద పైలట్ల విశ్రాంతి గది ఉంది. పొడుగాటి బల్ల, దాని చుట్టూ పది పన్నెండు కుర్చీలు. మధ్యాహ్నం అందరూ అక్కడే డబ్బాలు విప్పుతారు. బల్ల కొసన డ్యూటీలు వేసే పైడిరాజు కూర్చుంటాడు. ఏభై ఏడేళ్ళవాడు, మనిషి సన్నం, నోరు పెద్దది. ఎవరి డబ్బాలో ఏముందో ఆయనకి కావాలి. తాను మాత్రం ఎప్పుడూ పెరుగన్నమే తెచ్చుకుంటాడు.

"ఏటమ్మా జోషితా, నిన్న మళ్ళీ ఆపీసినావంట?" అన్నాడు ఆ రోజు. "కంట్రోల్ రూమోళ్ళు నన్ను పీక్కుతింటన్నారు. ఇంకొక్కసారైతే నిన్ను రైలు మీంచి దింపీయమన్నారు."

"ఏటి చెయ్యమంటావు బాబాయ్? నేనేమైనా సరదాకి ఆపుతున్నానా?"

అప్పుడే తలుపు దగ్గర ఒకావిడ నిలబడి, "జోషిత గారంటే ఎవరండీ?" అంది. ముప్ఫై ఐదేళ్ళుంటాయి. భుజాన బరువైన సంచీ. పేరు రెజీనా, గుంటూరావిడ. ఉదరవాణి లెక్కకట్టే పద్ధతిని రాసింది ఈవిడేనని తెలిసేసరికి జోషిత చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"ఊరక రారు మహానుభావులు," అంది. "కూర్చోండి. మీతో చాలా పనుంది."

రెజీనా కూర్చుని, బిళ్ళకి తన కంప్యూటర్ తగిలించి, అరగంటసేపు అటూ ఇటూ పరీక్షించింది. గింజ బాగానే ఉంది. కొలతలు సరిగ్గానే వస్తున్నాయి. రక్తం కనబడుతోంది. వాపు కనబడుతోంది. రోజుకి పదకొండుసార్లన్న లెక్కా ఉంది. అన్నీ తెలిసే బిళ్ళ పచ్చదీపం వెలిగిస్తోంది.

"అన్నీ తెలిసే?" జోషిత గొంతు లేచింది. బల్ల చుట్టూ తింటున్నవాళ్ళు తలలెత్తారు.

"మనిషికీ మనిషికీ పేగు వేరండీ," అని రెజీనా ఓపిగ్గా చెప్పింది. "ఒకరికి రోజుకి మూడుసార్లు మామూలు. ఒకరికి మొలలుంటాయి, రక్తం రోజూ కనిపిస్తుంది. అందరికీ ఒకే కొలబద్ద పెడితే ఊరంతా ఎర్రదీపాలే. అందుకని గింజ మింగిన మొదటి నలభై రోజులు యంత్రం నేర్చుకుంటుంది. రోజూ ఒకసారి మిమ్మల్ని 'ఎలా ఉంది' అని అడుగుతుంది. మీరు బాగుందన్న రోజున పేగు ఎలా ఉందో, అదే మీ మామూలు అని రాసుకుంటుంది. ఆ పైన ఇక అడగక్కర్లేదు."

"అయితే?"

"మీ నలభై రోజుల జవాబులూ ఇందులో ఉన్నాయి. మీరే వినండి."

రెజీనా మీట నొక్కింది. ముందు డబ్బా మూతల చప్పుడు. తరవాత ఆ తేనె గొంతు. "జోషిత గారూ, ఇవాళ మీ కడుపు ఎలా ఉంది?" దాని వెంటే జోషిత గొంతు, గబగబా, "బాగానే ఉందండి." వెనకనుంచి పైడిరాజు, "ఏటమ్మా అది, ఫోనా? ఇయ్యాల నీ కూరేటి?"

రెండో రోజు, "పర్వాలేదండి." మూడో రోజు, "బాగుంది, బాగుంది." పదో రోజు ఎవరో నవ్వుతున్నారు, చేప ముల్లు గురించి ఏదో గొడవ, మధ్యలో జోషిత, "అలాగే ఉందండి, బాగానే." ఇరవై ఆరో రోజు పన్నెండుసార్లు వెళ్ళినట్టు పక్కనే లెక్క కనిపిస్తోంది. ఆ రోజు పైడిరాజు కూతురి నిశ్చితార్థం మిఠాయి పంచాడు. జోషిత నోటినిండా కాజాతో, "చాలా బాగుందండి!" అంది.

"అందుకని పన్నెండు దాకా మీకు మామూలే అని రాసుకుంది," అంది రెజీనా.

జోషితకి తల కొట్టేసినట్టయింది. మూడు నెలలుగా ఏ గొంతు తన మాట కాదంటోందని తిట్టుకుందో, ఆ గొంతుకి పాఠం చెప్పింది తనే. కోపం ఎవరి మీదికి పోవాలో తెలియక కాసేపు తిరిగి తిరిగి, ఆఖరికి ఎదురుగా ఉన్న మనిషి మీద వాలింది.

"మధ్యాహ్నం ఒకటిన్నరకి అడగమని దానికి ఎవరు చెప్పారు?"

"మేమే. పదివేలమంది మీద పరీక్షించాం. ఆ వేళకైతే అందరూ జవాబిచ్చారు. ఒక్కరు కూడా తప్పిపోలేదు."

"ఏమని ఇచ్చారు?"

రెజీనా కంప్యూటర్ వైపు చూసింది. "ఎక్కువమంది... బాగుందనే. మా పద్ధతి పనిచేస్తోందని కంపెనీలో స్వీట్లు పంచారు."

"అన్నాల కాడ అడిగితే ఏటి సెప్తారమ్మా?" అని పైడిరాజు అందుకున్నాడు. "పదిమంది కంచాల ముందు కూకున్నప్పుడు రక్తమనీ, యిరేచనమనీ ఎవులైనా అంటారేటి? ఇంట్లో పెంచలేదేటి మమ్మల్ని?"

"మీరు మధ్యాహ్నం ఎవరితో కలిసి తింటారండీ?" అని జోషిత రెజీనాని అడిగింది.

"నేనా? కంప్యూటర్ ముందే. ఒక్కదాన్నే."

తిలా పాపం తలా పిడికెడు. ఆ పిల్ల మొహం చూస్తే జోషితకి తిట్టబుద్ధి కాలేదు.

"మళ్ళీ నేర్పించొచ్చు," అంది రెజీనా చిన్నగా. "నలభై రోజులు పడుతుంది."

"నలభై రోజులు నా పేగు ఆగదు."

"అయితే ఒక్కటే దారి. నిబంధనల్లో స్వహస్త పత్రం అని ఒకటుంది. డాక్టర్ రోగిని స్వయంగా, మొదటినుంచీ చివరిదాకా విని, తన చేత్తో రాస్తే, దీపంతో పని లేకుండా స్కోప్ చెయ్యొచ్చు. ఆరేళ్ళలో ఎవరూ వాడలేదు."

* * *

డాక్టర్ ప్రణీత్ ఆ నలభై జవాబులూ విన్నాడు. పదో జవాబు దగ్గరే ఆయన మొహం మారిపోయింది. స్కూల్ మాస్టారు గుర్తొచ్చాడో ఏమో, చివరిదాకా తల దించుకునే విన్నాడు. తరవాత తెర ఆర్పేశాడు. బీరువా అడుగునుంచి పాత ప్రశ్నల కాగితం ఒకటి తీశాడు. అంచులు పసుపెక్కి ఉన్నాయి. కుర్చీని జోషిత వైపు తిప్పుకున్నాడు. అలా కూర్చోవడం అలవాటు తప్పిన మనిషిలా కాసేపు ఇబ్బందిగా కదిలాడు.

"మొదటి ప్రశ్న," అన్నాడు. "ఎలా ఉందమ్మా?"

"బాగానే..."

జోషిత నాలుక కరుచుకుంది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఈ ఒక్క ప్రశ్న కోసం మూడు నెలలు పోట్లాడింది. తీరా అడిగితే నోరు తన పాత దారినే పోయింది. వయసులో పెద్ద మనిషి, ఎదురుగా కూర్చుని, మెత్తగా అడుగుతుంటే, వద్దన్నా ఆ మాటే వస్తుంది.

"బాగాలేదండి," అంది. "అస్సలు బాగాలేదు."

ఆ తరవాత కట్ట తెగింది. ఎన్నిసార్లు, ఎంత రక్తం, ఏ రంగు, జిగట ఉందా లేదా, అన్నీ చెప్పింది. వచ్చిందని తెలిశాక టాయిలెట్ చేరడానికి నిమిషం కూడా వ్యవధి ఉండదని చెప్పింది. రైలు గదిలో సీటు వెనక రెండు జతల బట్టలు దాచుకుంటానని, ఒకసారి అవి వాడాల్సి వచ్చిందని చెప్పింది. డ్యూటీ ఉన్న రోజు పొద్దున్న మంచినీళ్ళు కూడా తాగనని చెప్పింది. మోకాళ్ళు పట్టేస్తున్నాయని చెప్పింది. డాక్టర్ రాసుకుంటూనే ఉన్నాడు. మధ్యమధ్య ఆగి మళ్ళీ అడిగాడు. వినడం ఆయనకి మెల్లమెల్లగా గుర్తొస్తోంది.

"స్టెరాయిడ్ మాత్రలు రాసినట్టే వేసుకుంటున్నారా?"

జోషిత కిటికీ వైపు చూసింది. "సగమే వేసుకుంటున్నానండి. మొహం ఉబ్బిపోతోందని."

"ఎన్నాళ్ళుగా?"

"రెండు నెలలు."

డాక్టర్ కలం కింద పెట్టాడు. ఆయనకీ కోపం వచ్చింది, ఆ గదిలో మొదటిసారి. "ఈ మాట గింజ ఎలా చెబుతుందమ్మా? అది మీ చేతిలో మాత్రని చూడగలదా? మీ అంతట మీరు సగం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఉబ్బుతోందని నాకు చెబితే వేరే దారి చూసేవాణ్ణి."

"చెబుదామనే వచ్చానండి. మీరు తెర చూస్తున్నారు."

ఆయన మళ్ళీ కలం తీసుకున్నాడు. ముప్ఫై ఎనిమిది నిమిషాలు పట్టింది. బయట వరసలో ఉన్నవాళ్ళు రెండుసార్లు తలుపు తట్టారు. మర్నాడు స్కోప్ చేశారు. పేగు పొడుగునా పుళ్ళు, కొన్నిచోట్ల లోతుగా ఉన్నాయి. ఇంకొన్ని వారాలు గడిస్తే కోసి తియ్యడమే మిగిలేదని ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. ఆ వారంలోనే మొదటి ఇంజెక్షన్ పడింది.

* * *

ఆరు నెలలు గడిచాయి. పేగు దక్కింది. రక్తం ఆగింది. రోజుకి రెండుసార్లు, ఆరోగ్యవంతుల్లాగే. స్టెరాయిడ్‌ని డాక్టరే మెల్లగా తగ్గించి మాన్పించాడు, మొహం మామూలైంది. సీటు వెనక బట్టల జతలు ఇంటికి పట్టుకుపోయింది. రైలు ఎక్కడా ఆపలేదు.

ఈలోగా రెజీనా ఊరుకోలేదు. కోస్తా అంతటా జవాబులు తవ్వి తీస్తే, జబ్బు ముదిరినవాళ్ళలో ముప్పావు వంతు మంది "బాగానే ఉంది" అన్నవాళ్ళేనని తేలింది. కంపెనీలో కంగారు పుట్టింది. స్వీట్లు పంచినవాళ్ళే యంత్రాన్ని దిద్దడానికి కూర్చున్నారు. ప్రశ్న నలభై రోజులతో ఆగకుండా ఏడాదంతా అడగాలన్నారు. వేళ కూడా మారుద్దామని రెజీనా మొత్తుకుంది. కానీ జవాబులు తప్పిపోతాయని పైవాళ్ళు ఒప్పుకోలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాళ్ళు కదా, ఆకులు కాస్త ఎక్కువే పట్టుకున్నారు. వివరం ఏమీ చెప్పకుండా ఊరికే బాగుందన్నవాణ్ణి ప్రమాదంలో ఉన్నవాడిగా లెక్కకట్టమని యంత్రానికి నేర్పారు.

ఈ మార్పు జోషిత బిళ్ళలోకి ఒక మంగళవారం పొద్దున్న చేరింది. ఆమెకి తెలియదు.

ఆ మధ్యాహ్నం ఆమె డబ్బాలో చేపల పులుసు. రెండేళ్ళ తరవాత మొదటిసారి. కారంగా, పుల్లగా, కళ్ళు మూసుకుని తింటోంది. సరిగ్గా ఒకటిన్నరకి బిళ్ళ మోగింది.

"జోషిత గారూ, ఇవాళ మీ కడుపు ఎలా ఉంది?"

జోషిత నవ్వింది. ఇన్నాళ్ళకి నిజంగా చెప్పే అవకాశం వచ్చింది. మనసు నిండా చెప్పింది. "బాగానే ఉందండి!"

ఎర్రదీపం భగ్గుమంది. బిళ్ళ కీచుమని మొత్తుకుంది. బల్ల కొసన, పైలట్ల దీపాలు కూడా చూపే పైడిరాజు డ్యూటీ తెర మీద ఆమె పేరు ఎర్రబడింది. నిమిషం తిరక్కుండా డాక్టర్ ప్రణీత్ గొంతు బిళ్ళలోంచే వినపడింది, కంగారుగా.

"జోషిత గారూ, నేను వింటున్నాను. ఎలా ఉంది? దాచకుండా చెప్పండి."

"బాగానే ఉందండీ! నిజంగా!"

"అందరూ అలాగే అంటారమ్మా," అన్నాడు ఆయన, ఎంతో దయగా. "మీరిక నా దగ్గర మొహమాటపడక్కర్లేదు."

"మొహమాటం కాదండీ బాబూ! చేపల పులుసు తింటున్నాను! గింజనడగండి, పేగు బాగుంది కదా?"

"గింజ బాగుందనే అంటోంది. కానీ పోయినసారి గింజని నమ్మే కదమ్మా మిమ్మల్ని పోగొట్టుకోబోయాను!"

జోషితకి ఒళ్ళు మండిపోయింది. జబ్బుంది మొర్రో అంటే నమ్మలేదు. లేదు మొర్రో అంటే నమ్మడం లేదు. కుర్చీ వెనక్కి తోసి లేచింది. పదిమంది కంచాల ముందు, పెంపకమంతా గాలికొదిలి, గొంతెత్తి చెప్పింది. "పొద్దున్న ఆరింటికి ఒకసారి. టిఫిన్ తరవాత ఒకసారి. అంతే. గట్టిగానే అయింది. రక్తం చుక్క లేదు. మొదట్లోలాగా ఎర్రగా కారడం లేదు, జిగట లేదు, నొప్పి లేదు, పరుగు లేదు. చాలా? రంగు కూడా చెప్పమంటారా?"

రంగు కూడా చెప్పింది. ఒకదాని తరవాత ఒకటి డబ్బా మూతలు మూసుకున్నాయి. గాజువాక పైలట్ ఒకతను పులిహోర వదిలేసి బయటికి నడిచాడు. మిగిలినవాళ్ళు చేతులు కడుక్కునే నెపంతో అతని వెనకే వెళ్ళిపోయారు.

"చాలా సంతోషం," అన్నాడు డాక్టర్. "అంతా రాసుకున్నాను. అయినా రేపు ఒకసారి రండి, చూస్తాను. ఎర్రదీపం ఒకసారి వెలిగాక రోజంతా ఆరదట. ఈ పూటకి రైలెక్కకండి."

గొంతు ఆగిపోయింది. పైడిరాజు తన తెర మీద జోషిత పేరు కొట్టేసి, సాయంత్రం బండికి ఇంకొకరిని వేశాడు. "నాకేటి తెలుసమ్మా, రూలు," అన్నాడు. జోషిత కూర్చుని చల్లారిన పులుసు కలుపుకుంది. బాగున్నందుకు డ్యూటీ పోయిన మనిషి ఆ లైన్లో తనొక్కతే అయ్యుంటుంది.

గదిలో ఇద్దరే మిగిలారు. పైడిరాజు పెరుగన్నం కెలుకుతున్నాడు. తినడం లేదు.

"జోషితమ్మా," అన్నాడు కాసేపటికి. "ఇందాక డాక్టరుతో అన్నావు సూడు. మొదట్లో నీకు... ఎర్రగానే పడేదా? నల్లగా పడేదా?"

"ఎర్రగా. ఎవరికి బాబాయ్?"

"ఎవులికీ కాదులే. ఊరికే అడిగినాను."

"నీకెలాగుంది?"

"నాకేటి? బాగానే ఉంది," అన్నాడు డబ్బాలోకి చూస్తూ.

జోషిత చెయ్యి ఆగింది. ఆ పెరుగన్నం కేసి చూసింది. ఎనిమిదేళ్ళుగా చూస్తోంది. అందరి కూరలూ ఆరాతీసే మనిషి ఒక్కరోజైనా ఎవరి కూరా ఎందుకు రుచి చూడడో ఎప్పుడూ అడగలేదు. సగం భోజనంలో లేచి టీకని వెళ్ళే మనిషి చేతిలో టీ గ్లాసు ఎప్పుడైనా చూసిందా అని ఆలోచిస్తే, చూసిన గుర్తు లేదు.

చెయ్యి కడుక్కొచ్చింది. తలుపు దగ్గరికి వేసి, కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. నడుం మీద దీపం ఎర్రగా వెలుగుతూనే ఉంది.

"రోజుకి ఎన్నిసార్లు బాబాయ్?"

"నీ బండి..."

"నువ్వే కదా తీసీసినావు. ఇవాళ ఇంక నాకు బండి లేదు. చెప్పు."

పైడిరాజు తలుపు వైపు ఒకసారి చూశాడు. డబ్బా మూత పెట్టేశాడు. అప్పుడు వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు.